ఆర్ద్ర పేరుతో జనాన్ని భయపెట్టకండి

సంపాదకులు గారికి నమస్కారం.

కొన్నేళ్లుగా టీవీల్లో, యూట్యూబ్‌లో, అక్కణ్ణుంచి వాట్సాప్ గ్రూపుల్లో ఒకే వార్త మళ్లీ మళ్లీ తిరుగుతోంది. ఆర్ద్ర నక్షత్రం, అంటే బెటెల్‌గ్యూస్, రేపో మాపో పేలిపోతుందట, భూమికి ముప్పట. ఈమధ్య ఒక చానల్ ఎర్రటి మంటల బొమ్మ పెట్టి అరగంట సేపు ఇదే ఊదరగొట్టింది. మా పక్కింట్లో నాలుగో తరగతి చదివే పిల్ల ఆ రాత్రి వాళ్లమ్మ కొంగు వదల్లేదు. పిల్లలకు సైన్స్ చెప్పి రిటైరైన దాన్ని. చూస్తూ ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆర్ద్ర పేలుతుందన్న మాట అబద్ధం కాదు. ఎప్పుడు పేలుతుంది, పేలితే మనకేమవుతుంది అన్న రెండు ముఖ్యమైన సంగతులే ఈ కార్యక్రమాల్లో ఉండవు. ఆర్ద్ర రెడ్ సూపర్‌జెయింట్, అంటే బాగా ఉబ్బిన ఎర్రటి మహా తారల కోవలోది. ద్రవ్యరాశిలో సూర్యుడికి 15 నుంచి 20 రెట్లు, వెడల్పులో 700 రెట్లకు పైమాటే. సూర్యుణ్ణి ఆవగింజ అనుకుంటే ఆర్ద్ర దాదాపు మనిషెత్తు గుండు. సూర్యుడి స్థానంలో దాన్ని పెడితే భూమి, అంగారకుడు కూడా దాని కడుపులో పడతాయి. అంతగా ఉబ్బిపోయింది కాబట్టే పైభాగం చల్లబడి ఎర్రగా కనిపిస్తుంది. అక్కడ వేడి 3,500 కెల్విన్లకు కాస్త అటూఇటూ, సూర్యుడి మీద 5,800 దాకా ఉంటుంది. వయసు చూస్తే ఇంచుమించు కోటి ఏళ్లే. మన సూర్యుడికి 460 కోట్ల ఏళ్లు. బరువైన నక్షత్రాల కేంద్రంలో ఒత్తిడి, వేడి విపరీతం కావడంతో ఇంధనం చాలా తొందరగా ఖర్చయిపోతుంది.

2019 చివర్లో ఆర్ద్ర మసకబారడం మొదలుపెట్టి, 2020 ఫిబ్రవరికి వెలుగు మామూలులో మూడో వంతుకు కాస్త పైన మాత్రమే మిగిలింది. ఈ భయాలకు అప్పుడే బీజం పడింది. నిజానికి జరిగింది ఇదీ: నక్షత్రం బయటికి చిమ్మిన వాయువు చల్లబడి ధూళిగా మారి మనకు అడ్డంగా నిలిచింది. చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్ తీసిన చిత్రాల్లో ఆర్ద్ర దక్షిణ భాగం మాత్రమే నల్లబడి ఉండటం స్పష్టంగా కనిపించింది. కొద్ది నెలల్లోనే వెలుగు తిరిగొచ్చింది. ఆ సంగతి ఎంతమంది చెప్పారు?

తర్వాత 2023లో జపాన్ శాస్త్రవేత్త హిడెయుకి సాయో బృందం ఒక పరిశోధన పత్రం వెలువరించింది. ఆర్ద్ర వెలుగులో రెండు లయలున్నాయి, ఒకటి సుమారు 400 రోజులది, ఇంకొకటి ఆరేళ్లకు దగ్గరగా ఉండేది. ఆ పెద్ద లయే నక్షత్రం ఉబ్బుతూ తగ్గుతూ ఉండే అసలు లయ అనుకుంటే, ఆర్ద్ర మనం అనుకున్నదానికన్నా చాలా పెద్దదై ఉండాలి, కొన్ని దశాబ్దాల్లోనే పేలవచ్చు అని వాళ్లు లెక్కగట్టారు. మన తెరల మీద కనిపించింది ఈ ఒక్క ముక్కే. నక్షత్రానికి అంత వెడల్పు కొలతలకు సరిపోదని, 400 రోజులదే అసలు లయ అని వెంటనే ఇతర ఖగోళ శాస్త్రవేత్తలు జవాబిచ్చారు. ఆరేళ్ల లయకు కారణం ఆర్ద్ర చుట్టూ తిరిగే చిన్న తోడు నక్షత్రం కావచ్చని 2024లో కొందరు ప్రతిపాదించారు. ఆ తోడు నక్షత్రం హవాయిలోని జెమిని నార్త్ టెలిస్కోప్‌కు చిక్కినట్టు 2025 జులైలో ప్రకటన వచ్చింది. ఒక ఊహ, దానికి అభ్యంతరం, ఆ అభ్యంతరానికి దొరికిన ఆధారం. ఇంత చక్కటి కథను వదిలేసి మంటల బొమ్మ చూపించడం నాకు నిజంగా బాధ కలిగిస్తోంది.

ఎక్కువమంది శాస్త్రవేత్తల లెక్కలో ఆర్ద్ర ఇంకా కేంద్రంలో హీలియం మండిస్తోంది, పేలుడికి లక్ష ఏళ్ల వరకూ పట్టవచ్చు. ఈ హీలియంకీ మన నేలకీ ఒక చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రాన్సు నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులోనే పరిశీలించారు. సూర్యకాంతిని రంగులుగా విడదీస్తే కనిపించే హీలియం పసుపు గీత మొదట పట్టుబడింది ఆ గ్రహణంలోనే. హీలియం అయిపోయాక కార్బన్ మండటం మొదలవుతుంది. అది వందల ఏళ్లో, వెయ్యి రెండు వేల ఏళ్లో సాగుతుంది. ఆక్సిజన్ నెలల్లోనో ఏడాది రెండేళ్లలోనో అయిపోతుంది. సిలికాన్ కొద్ది రోజులకు మించి రాదు. చివరికి మిగిలే ఇనుము కలిసినా శక్తి పుట్టదు కాబట్టి కేంద్రం సెకను లోపే తనలోకి తాను కూలిపోతుంది. ఆ చివరి దశలు ఇంత వేగంగా సాగుతాయి కనుక పైపొర చూసి లోపలి సంగతి చెప్పడం చాలా కష్టం. తేదీ చెప్పేవాళ్లెవరినీ నమ్మక్కర్లేదు.

పేలిందే అనుకుందాం. కాంతి కన్నా కొన్ని గంటల ముందే న్యూట్రినోలు, అంటే దేన్నైనా దూసుకుపోయే అతి సూక్ష్మ కణాలు, మనల్ని దాటిపోతాయి. 1987లో పక్క గెలాక్సీలో ఒక తార పేలినప్పుడు జపాన్, అమెరికా, రష్యాల్లోని యంత్రాలు వాటిని ఇలాగే పట్టుకున్నాయి. తర్వాత ఆర్ద్ర పగలు కూడా కనబడేంత వెలుగుతో కొన్ని నెలలపాటు మెరుస్తుంది. మనకు దెబ్బ తగలాలంటే పేలే నక్షత్రం కొన్ని పదుల కాంతి సంవత్సరాల లోపు ఉండాలి, ఆర్ద్ర 500 నుంచి 700 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఈ రాత్రి మన కంటిని చేరే దాని వెలుతురు ఇంచుమించు రెడ్డిరాజులు కొండవీటిని ఏలిన రోజుల్లో బయల్దేరింది.

జూన్‌లో 'ఈ రాత్రే ఆర్ద్రను చూడండి' అని పిలుపునిచ్చిన వీడియో కూడా ఒకటి చూశాను. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె మొదలవుతుందంటేనే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉన్నాడని, కాబట్టి అది కనబడదని అర్థం. ఏరువాక సాగే మన రైతుకు తెలిసిన లెక్క వీడియో చేసేవాళ్లకు తెలియకపోతే ఎలా? చూడాలంటే జనవరిలో రాత్రి ఎనిమిదింటికి తూర్పు వైపు తిరగాలి. గొల్లకావడి మూడు చుక్కలకు ఎడమ పక్కన ఎర్రగా ఉండేది ఆర్ద్ర, కుడి పక్కన నీలితెలుపులో రైజెల్. వీధిలైట్ల మధ్య ఉన్నా రెండూ తెలుస్తాయి.

అయ్యా, నా విన్నపం ఇదీ. ఇలాంటి వార్త డెస్కుకు వచ్చినప్పుడు ఎవరు చెప్పారు, ఎక్కడ అచ్చయింది, ఎవరు కాదన్నారు అన్న మూడు సంగతులు లేకుండా అచ్చు వేయవద్దు. ఉస్మానియాలో ఖగోళ శాస్త్ర విభాగం ఉంది, హైదరాబాద్‌లో బిర్లా ప్లానెటేరియం ఉంది, ఒక్క ఫోన్ చేస్తే సరిపోతుంది. దిగ్గజ తారల అసలు వెలుగును, వాటి కాంతిలో కనిపించే కాల్షియం గీత వెడల్పుతో కొలిచే పద్ధతికి అమెరికా శాస్త్రవేత్త విల్సన్‌తో పాటు పేరు పెట్టించుకున్న ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు పెరిగింది, కాలేజీ చదువు చదివింది హైదరాబాద్‌లోనే. అలాంటి ఊళ్లో అడిగి చెప్పించుకోవడానికి మనుషులు దొరక్కపోరు.

పంచాంగం ఎలాగూ రోజూ వేస్తున్నారు. కార్తె మారిన రోజున దాని పక్కనే ఆ నక్షత్రం గురించి నాలుగు వాక్యాలు వేయండి. రోహిణి కూడా ఉబ్బిన తారే, 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, కానీ బరువు తక్కువ కాబట్టి పేలదు. మన సూర్యుడికీ సుమారు 500 కోట్ల ఏళ్లకు పట్టే గతి అదే. స్వాతి, జ్యేష్ఠ కూడా దిగ్గజాలే. ఆ వాక్యాలు రాసేవాళ్లు కావాలంటే మాలాంటి రిటైరైన టీచర్లు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. నేను రాసి పంపడానికి సిద్ధంగా ఉన్నాను, పారితోషికం అక్కర్లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు, తెనాలి