'మా సంస్కృతి' అని బోర్డు మీద రాయకు

నిర్మల్,
ఆగస్టు 10

బిడ్డా,

'మా సంస్కృతి' మీద నీ తరగతి పిల్లలు రాసినవి, నువ్వు వాట్సాప్‌లో పంపిన పేజీలన్నీ చదివాను. పిల్లల తప్పేం లేదు. బోర్డు మీద 'మా సంస్కృతి' అని కనబడితే తొమ్మిదో తరగతి పిల్లకి గుర్తొచ్చేది తన ఇల్లు కాదు, వ్యాసరచన పోటీ. అందుకే అందరూ భిన్నత్వంలో ఏకత్వంతో ఎత్తుకుని, మన సంస్కృతిని మనమే కాపాడుకోవాలి అంటూ ముగించారు. ఉట్నూరు ఏజెన్సీ బడిలో గోండు పిల్ల, లంబాడా పిల్లాడు, ఇంట్లో మరాఠీ మాట్లాడే పిల్ల, ఉర్దూ మాట్లాడే పిల్లాడు పక్కపక్కన కూచుని ఒకే వ్యాసం రాశారంటే లోపం ప్రశ్నలో ఉంది.

ప్రశ్నను చిన్నది చెయ్యి. కంటికి కనబడేది, చేతికి అందేది అడుగు. మీ ఇంట్లో అన్నిటికన్నా పాత వస్తువు ఏది, ఎక్కడ పెడతారు, దాన్ని ఎవరు ముట్టుకోకూడదు? జ్వరమొస్తే గోళీ వేసేముందు ఏం చేస్తారు? ఇంట్లో నిన్ను ఏమని పిలుస్తారు, బడి రిజిస్టర్లో ఏముంది? కోపమొస్తే మీ ఇంట్లో ఏ భాషలో తిడతారు, దేవుడికి ఏ భాషలో మొక్కుతారు? నీ తరగతికి ఈ చివరిదే బాగా పనికొస్తుంది. ఇంట్లో ఒకటి, సంతలో ఒకటి, బళ్ళో ఒకటి మాట్లాడే పిల్లలు వాళ్ళు. ఏ భాష ఎక్కడ ఆగిపోతుందో వాళ్ళకు బాగా తెలుసు, ఇంతవరకు ఎవరూ అడగలేదంతే. ప్రశ్న సరైనదో కాదో చూసుకోవడానికి ఒక్కటే పరీక్ష: దానికి గైడులో జవాబు దొరికిందంటే ఆ ప్రశ్న మార్చెయ్.

ఆరు పీరియడ్లు కావాలి, వారానికి రెండు చొప్పున. ఆరూ వరసగా పెట్టేస్తే ఇంట్లో అడిగి రావడానికి వ్యవధి ఉండదు. సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవానికి ఎలాగూ ఏదో ఒకటి రాయించమంటారు, ఈ వారమే మొదలుపెడితే అప్పటికి అందుతుంది.

మొదటి పీరియడ్లో వాక్యాలే వద్దు, జాబితా చాలు. ఇంట్లో వినే మాటలు, తినేవి, వాసనలు, భయాలు, వద్దని చెప్పే పనులు, ఏదైనా సరే, పది నిమిషాలు పెన్ను ఆపకుండా ముప్పై రాయమను. మొదటి పదీ అందరివీ ఒకేలా ఉంటాయి. పదిహేను దాటాక, ఇంక ఏమీ లేదు టీచర్ అన్నాక వచ్చేవే పనికొచ్చేవి, కాబట్టి అప్పుడు తొందరపెట్టకు. వాటిలో తనకే పూర్తిగా తెలియని ఒకదానికి సున్నా చుట్టమను. అంతా తెలిసినదాన్ని ఎంచుకుంటే నాలుగు లైన్లకే ఆగిపోతారు.

తరవాత రెండో పీరియడ్‌కు ఇంట్లో అడిగి రావాలి. 'ఇది ఎప్పటినుంచి?' అని అడిగితే ముసలివాళ్ళు ఎప్పటినుంచో అంటారు, అక్కడితో అయిపోతుంది. 'నువ్వు నా అంత ఉన్నప్పుడు ఇది ఎట్లా చేసేవాళ్ళు? ఇప్పుడేం మారింది? ఎవరు మానేశారు?' ఈ మూడూ అడగమను. ఫోన్‌లో రికార్డు చేస్తే చాలామంది బిగుసుకుపోతారు. విన్నదాంట్లో అయిదు మాటలు, వాళ్ళు అన్నవి అన్నట్టే, అరచేతి మీదైనా సరే రాసుకొస్తే చాలు. హాస్టల్లో ఉండే పిల్లల్ని మరిచిపోకు. ఆదివారం ఫోన్ దాకా వాళ్ళకు గడువివ్వు, లేకపోతే వంట చేసే అక్కనైనా అడగొచ్చు, ఆమె కూడా ఆ చుట్టుపక్కల గూడెం మనిషే అయ్యుంటుంది.

మూడో పీరియడ్లో పదిహేను లైన్ల చిత్తుప్రతి రాస్తారు. నాలుగోది ఇద్దరిద్దరు కూచుని చదువుకోవడం, అన్నిటికన్నా కష్టం ఇదే. పక్కవాడు 'బాగుంది' అనకూడదు, 'బాలేదు' కూడా అనకూడదు. తనకు కనబడని చోట మూడు ప్రశ్నలు మాత్రం వెయ్యాలి. ముందు నువ్వే బోర్డు మీద ఒకటి చేసి చూపించు. 'మా నానమ్మ ఇప్పపువ్వు ఏరుతుంది. ఇది మా సంప్రదాయం' అని ఒక పిల్ల రాసిందనుకో. ఎన్ని గంటలకు ఏరుతుంది? చెట్టు కింద నేల ఎట్లా ఉంటుంది? తెచ్చి ఎక్కడ పోస్తుంది? ఈ మూడిటికీ జవాబు రాస్తే ఇట్లా అవుతుంది: 'మా నానమ్మ చీకట్లోనే లేస్తుంది. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది, ఆలస్యమైతే మేకలు తినేస్తాయి. పువ్వు బాగా కనబడాలని చెట్టు కింద ఆకులు ముందే ఊడ్చి కాల్చేస్తుంది. తెచ్చింది వాకిట్లో చాప మీద ఆరబోస్తుంది, దాన్ని మేం దాటకూడదు.' 'సంప్రదాయం' అన్న మాట దానంతటదే పోయింది, నువ్వు కొట్టెయ్యాల్సిన పనిలేదు.

అయిదో పీరియడ్లో తిరగరాస్తారు, ఆరోదాంట్లో సాపుప్రతి. చిత్తుప్రతి మీద ఎర్ర పెన్ను పెట్టకు. ఒత్తులు, దీర్ఘాలు సాపు రాసేటప్పుడు చూడొచ్చు. మొదటి పేజీలోనే తప్పులకు సున్నాలు చుడితే రెండోసారి స్పెల్లింగు వచ్చిన మాటలే రాస్తారు, ఇంటి మాటలు మళ్ళీ మాయమవుతాయి.

గోండీ మాటైనా, లంబాడాల గోర్‌బోలీ మాటైనా నోటికి వచ్చినట్టే తెలుగు లిపిలో రాయనివ్వు. పక్కనే అర్థం రాయమనకు, చదివేవాడికి వాక్యంలోనే తెలిసేట్టు రాయడం నేర్పు. ఇదేం కొత్త సంగతి కాదు. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర ఆదివాసుల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు అందులోనే వాచకాలు రాశారు. మీ దగ్గరి మార్లవాయిలో కూడా మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో 1943లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టి, గోండీలోనే చదువు మొదలుపెట్టారు. హెడ్మాస్టరు గారు 'తెలుగు పీరియడ్లో ఇవేంటమ్మా' అంటే ఈ రెండూ చెప్పు.

పండుగల దగ్గర జాగ్రత్త. గోండు పిల్ల అనగానే దీపావళికి దండారి ఆటలు, గుస్సాడీ ఆడేవాళ్ళ నెమలీకల కిరీటం, పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతర రాయాలని నువ్వే ఎదురుచూస్తావు. లంబాడా పిల్ల అంటే శ్రావణంలో తీజ్, బుట్టలో గోధుమ మొలకలు. పిల్లలు అది పసిగట్టి నీకు కావలసిందే రాసిస్తారు. కొన్ని ఇళ్ళు చర్చికి వెళ్తాయి, కొన్ని ఇళ్ళల్లో ఇవన్నీ ఎప్పుడో ఆగిపోయాయి. ఆ పిల్లలు నాకేం లేదు టీచర్ అని ఊరుకుంటారు. పత్తి ఏరడానికి బడి మానడం, వేలికొనలకు పత్తికాయ మొనలు గుచ్చుకోవడం, ఏరిన కిలోలకు లెక్క కట్టి కూలి ఇవ్వడం, ఇవన్నీ కూడా వాళ్ళ బతుకే. కబడ్డీ గురించి రాస్తానన్నా రాయనివ్వు.

ఇంటిపేరు మీద మాత్రం రాయించకు. కులం బయటపడుతుంది, ఆ తరవాత తరగతిలో ఏం జరుగుతుందో నీ చేతిలో ఉండదు. 'మా నాన్న' కూడా వద్దు, నాన్న లేని పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. 'ఇంట్లో ఒక మనిషి' అంటే సరిపోతుంది. ఇంకొకటి. లంబాడాలను 1976లో ఎస్టీల్లో చేర్చిన విషయం మీద 2017లో ఆదివాసులకూ లంబాడాలకూ మధ్య మీ ఏజెన్సీ అంతా ఎంత అట్టుడికిందో గుర్తుంది కదా. ఆ గొడవ ఇళ్ళల్లో ఇంకా ఉంది. నాలుగో పీరియడ్లో జతలు కలిపేటప్పుడు ఇద్దరూ ఒకే గూడెం వాళ్ళు కాకుండా చూడు, కానీ ప్రశ్నలు రాసినదాని మీదే ఉండాలి, రాసిన మనిషి మీదికి పోకూడదు. 'మీవాళ్ళు', 'మావాళ్ళు' అన్న మాట వినబడితే అక్కడే ఆపెయ్.

రాసింది ఎవరికీ చూపించొద్దనుకుంటే పేజీని నిలువుగా మడవమని మొదటిరోజే చెప్పు. మడిచినదాన్ని నువ్వు చదువుతావు గానీ తరగతిలో చదవవు, గోడపత్రికకు ఎక్కించవు. దాంతోపాటే ఇంకోటి కూడా ముందే చెప్పాలి: ఎవరైనా కొడుతున్నారనో, పెళ్ళి చేసేస్తున్నారనో, ముట్టుకోకూడని చోట ముట్టుకుంటున్నారనో రాస్తే నేను దాచిపెట్టలేను అని. అట్లాంటిది వస్తే ఆ పిల్లతో పక్కకు తీసుకెళ్ళి మాట్లాడు, అదేరోజు హెడ్మాస్టరుకు చెప్పి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి. ఇంటివాళ్ళకు ముందు కబురు పెట్టకు, దెబ్బలు పిల్లకే పడతాయి.

మార్కుల సంగతి అడిగావు. ఫార్మేటివ్ మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికి ఉన్న 5 మార్కుల్లోకి దీన్ని తీసుకో. ఏం రాశారన్నదానికి వెయ్యకు. జాబితా, అడిగి రాసుకొచ్చిన అయిదు మాటలు, చిత్తుప్రతి, పక్కవాడికి వేసిన ప్రశ్నలు, సాపుప్రతి, ఒక్కోదానికి ఒక్కో మార్కు. చేసినవాళ్ళందరికీ అయిదూ వస్తాయి, రానివ్వు. ఎవరి ఇల్లు గొప్పదో తేల్చడానికి పెట్టిన పరీక్ష కాదిది.

నలభై మంది చిత్తుప్రతులూ ఒక్క రాత్రిలో చదవాలని కూచోకు. రోజుకు ఎనిమిది చదివి, ఒక్కోదాని కింద ఒక్క ప్రశ్న రాయి, అది నీకు నిజంగా తెలియనిదై ఉండాలి. ఆ ఒక్కటీ చూసుకోవడానికే పిల్లలు తరవాతి పీరియడ్‌కు ముందొచ్చి కూచుంటారు.

వంద పేజీల నోటుబుక్కులు ఇక్కడ హోల్‌సేల్‌గా దొరుకుతాయి. నలభై తీసి పెడతాను, దసరా సెలవుల్లో వచ్చినప్పుడు పట్టుకుపో. ఈ మూడు వారాలకు మాత్రం విడి కాగితాలు కుట్టి వాడుకోండి. బస్సు దొరక్కపోతే ముందే ఫోన్ చెయ్యి, నాన్నను ఉట్నూరు పంపిస్తాను.

మీ అమ్మ