జిగురు సంగతీ రాయండి

సంపాదకుల వారికి,

వేసవి సెలవులు వచ్చాయంటే పత్రికల పిల్లల పేజీల్లో పాత డబ్బాలతో చేసిన పెన్ను స్టాండ్లు, గాజుల పెట్టెలు వరస కడతాయి. ఫొటోలు ముచ్చటగానే ఉంటాయి. కింద మాత్రం ‘రంగు కాగితం అంటించి కుందన్లు అద్దితే సరి’ అని ఒక్క ముక్కతో సరిపెడతారు. ఏ డబ్బాకు ఏ జిగురు, ఎంత అన్నది ఉండదు. అంటించిన కాగితం మూడో రోజుకే లేచిపోతే పిల్లలు తమకు పనితనం లేదనుకుంటారు. చాలాసార్లు ఆ డబ్బాకు ఆ జిగురు పట్టదు, అంతే.

డబ్బా మీద ఒక నీటిచుక్క వేసి చూడండి. ఇంకితే జిగురు పడుతుంది. ముత్యంలా నిలిచిందంటే పైన ప్లాస్టిక్ పొరో వార్నిషో ఉన్నట్టు. మిఠాయి డబ్బాలు చాలావరకు ఇలాంటివే. ఫెవికాల్‌లోని నీరు అట్టలోకి ఇంకితేనే పట్టు వస్తుంది కాబట్టి 120 నంబరు గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, దుమ్ము తుడిచి అప్పుడు అంటించాలి. నెయ్యి పీల్చిన డబ్బా అయితే ఆశ వదులుకోవడమే మేలు.

మొదటిసారి చేసేవాళ్లకు చెప్పుల డబ్బా అనువు. 30 సెంటీమీటర్ల పొడవు, 18 వెడల్పు, 11 ఎత్తు ఉన్న డబ్బా చుట్టుకొలత 96. అతుక్కి 2 కలిపి 98 సెంటీమీటర్ల గుడ్డ పట్టీ కావాలి. ఎత్తు దగ్గరే అందరూ పొరబడతారు. పై అంచు దాకా గుడ్డ చుడితే మూత పట్టదు, బలవంతంగా నొక్కితే దాని మూలలు చిరుగుతాయి. మూత లోతు 3 సెంటీమీటర్లుంటే పైన అంత మేర పల్చటి కాగితం మాత్రమే వేసి, మిగిలిన 8కి పై మడతకు 1, అడుగుకు తిప్పడానికి 2 కలుపుకోండి. అంటే పట్టీ వెడల్పు 11 చాలు. ఎమ్మిగనూరు నేతగుడ్డ ముక్కలో, టైలరు దగ్గర మిగిలిన నూలు ముక్కలో భేషుగ్గా సరిపోతాయి. గంజి పోయేలా ఒకసారి ఉతికి ఇస్త్రీ చేయండి. జిగురు గుడ్డకు పూయకూడదు, అట్టకే పల్చగా పూయాలి. ఎక్కువైతే నేత సందుల్లోంచి పైకి తేలి మచ్చ కడుతుంది.

కాగితానికి మైదా జిగురు చాలు. పెద్ద చెంచాతో 6 చెంచాల మైదాను అరగ్లాసు చన్నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, మరుగుతున్న గ్లాసు నీళ్లలో పోస్తూ తిప్పాలి. సన్నసెగ మీద రెండు మూడు నిమిషాలకు నిగనిగలాడుతుంది. పచ్చిగా దించితే ఆరాక పొడిపొడిగా రాలుతుంది. బైండింగు పనివాళ్లు పురుగు పట్టకుండా మైలతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలు చేసే పనిలో వద్దు. ఆ రోజుకు సరిపడా కాచుకుంటే పులిసే బెడదా ఉండదు.

ఇక ఆరబెట్టడం. కర్నూలు ఎండలో గంటలో ఆరిపోతుందని డబ్బాను మిద్దె మీద పెడతారు. తడికి సాగిన కాగితం ఒక్కసారిగా ముడుచుకుని అట్టను తన వైపు లాగుతుంది, డబ్బా వంకరపోతుంది. లోపలి వైపు కూడా కాగితం అంటిస్తే రెండు లాగుళ్లూ సరిపోతాయి. నీడలో రాత్రంతా ఉంచండి, మూత మీద నాలుగు పుస్తకాల బరువు పెట్టండి.

అడుగున త్రికోణంలో 5 అంకె ఉన్న ఐస్‌క్రీం డబ్బాలకు ఫెవికాల్ నిలవదు, గరుకు కాగితంతో రుద్దినా పెద్దగా లాభం లేదు. వాటికి పురికొస చుట్టి, రెండు కొసలనూ బెజ్జాల్లోంచి లోపలికి తీసి ముడి వేయాలి. నీళ్ల సీసాను కోస్తే అంచు చెయ్యి కోస్తుంది. పెద్దవాళ్లెవరైనా తక్కువ వేడి ఇస్త్రీ పెట్టె మీద కాగితం పరిచి, ఆ అంచును క్షణం పాటు ఆనిస్తే లోపలికి ముడుచుకుంటుంది.

ఆదోని వైపు పత్తి చేలగట్ల మీద ఖాళీ పురుగుమందు డబ్బాలు పడి ఉంటాయి. గట్టిగా, మూతతో సహా దొరుకుతాయి కాబట్టి పిల్లల కన్ను వాటి మీద పడుతుంది. ప్లాస్టిక్ మందును పీల్చుకుంటుంది, ఎన్నిసార్లు కడిగినా పోదు. ఖాళీ డబ్బాలు ఏరుకోమని రాసిన ప్రతిసారీ ఆ ఒక్కటి ముట్టుకోవద్దని ఫొటో కిందే పెద్ద అక్షరాల్లో వేయండి.

— ఒక చేతిపనుల టీచరు, కర్నూలు