బిల్లు కౌంటర్ విరాళాలకు లెక్క చూపాలి

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండలోని కొన్ని పెద్ద దుకాణాల్లో బిల్లు 486 రూపాయలు అయితే, మిగతా నాలుగు రూపాయలు పేదపిల్లల చదువుకు రాసుకోమంటారా అని కౌంటర్ దగ్గర అడుగుతున్నారు. వెనక వరుసలో ఉన్నవాళ్లు చూస్తుండగా నాలుగు రూపాయలకు కాదనలేక చాలామంది సరే అంటున్నారు. తీరా బయటికి వచ్చాక, మన డబ్బు చూపించి కంపెనీ పన్ను ఎగ్గొడుతుందేమోనని అనుమానపడుతున్నారు.

పన్ను విషయంలో ఈ అనుమానానికి ఆధారం లేదు. వసూలైన విరాళాన్ని తన ఆదాయంలో కలపకుండా, సేవాసంస్థకు చెల్లించాల్సిన బాకీగా రాసుకుని అందజేసినంతవరకు కంపెనీకి లాభమూ తగ్గదు, పన్నూ తగ్గదు. దాన్ని తన విరాళంగా చూపాలంటే ముందు ఆదాయంగా చూపాలి. ఆదాయపన్ను చట్టం కింద చాలా సంస్థలకిచ్చే విరాళాల్లో సగానికే పన్ను మినహాయింపు కాబట్టి అలా చేస్తే నష్టమే. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికరలాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. అది సొంత సొమ్ముతో తీర్చాల్సిన బాధ్యత, కొనుగోలుదారుల చిల్లరతో కాదు.

అయినా కంపెనీకి ప్రయోజనం లేదనలేం. వేలమంది ఇచ్చిన సొమ్ము చివరికి కంపెనీ పేరున్న బ్యానర్ ముందు చెక్కుగా మారుతుంది, ఫొటో పత్రికల్లో వస్తుంది. అప్పటిదాకా ఆ డబ్బు దాని ఖాతాలోనే ఉంటుంది. ఇచ్చినవారికి దక్కేది బిల్లు మీద 'డొనేషన్' అన్న ఒక్క ముక్క. ఏ సంస్థకో ఉండదు. నన్ను బాధపెడుతున్నది ఇదే.

మేడారం జాతర హుండీలను హనుమకొండలోని టీటీడీ కల్యాణ మండపానికి తెచ్చి, సీసీ కెమెరాల నిఘాలో లెక్కించి, ఏ రోజు ఎంత వచ్చిందో పత్రికలకు చెబుతారు. భక్తుల కానుకకు ఉన్న ఆ లెక్క కౌంటర్‌లో ఇచ్చిన రూపాయికీ ఉండాలి. విరాళం అందుకునే సంస్థ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు బిల్లుపై అచ్చువేయాలి. నెలనెలా ఎంత వసూలైందో, ఏ తేదీన అందజేశారో కౌంటర్ పక్కనే బోర్డు పెట్టాలి. అనుమతి లేకుండా విరాళాన్ని బిల్లులో చేర్చడాన్ని ఆన్‌లైన్ అమ్మకాల్లో 2023 నాటి కేంద్ర మార్గదర్శకాలు నిషేధించాయి. దుకాణాల్లోనూ అడిగి, ఒప్పుకున్నాకే బిల్లులో కలిపేలా రాష్ట్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఆదేశాలు ఇవ్వాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, హనుమకొండ