రాక్షసి తంగడిలో రామరాయల తర్వాత ఎవరు?

సంపాదకులు గారికి,

ఆర్యా,

గత ఆదివారం మీ అనుబంధంలో రాక్షసి తంగడి యుద్ధంపై వచ్చిన వ్యాసం చదివాను. తళ్లికోట యుద్ధమని మనం చెప్పుకునే 1565 నాటి ఆ పోరులో దక్కను సుల్తానుల చేతిలో విజయనగరం ఓడిపోవడానికి రామరాయల కొలువులోని ఇద్దరు సేనానులు ఆఖరి ఘడియలో శత్రువుతో కలవడమే కారణమని వ్యాసకర్త తేల్చేశారు. నేను గుంటూరులో ముప్పై ఏళ్లకు పైగా బడిపిల్లలకు చరిత్ర చెప్పి విరమించినవాణ్ని. ఓటమికి కారణమేమిటన్న ప్రశ్నకు ‘ద్రోహం’ అని ఒక్క మాట రాసి ఊరుకున్న పిల్లవాడికి నిండుగా మార్కులు వేసినవాణ్నే. అందుచేత ఈ ఉత్తరంలో వ్యాసకర్తతో పాటు నన్ను నేనూ దిద్దుకుంటున్నానని భావించగలరు.

ద్రోహం మాట కల్పన అనడం లేదు. యుద్ధం జరిగిన రెండేళ్లకు విజయనగరం వచ్చిన వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ దాన్ని రాసిపెట్టాడు. అయితే బీజాపూరు చరిత్రకారుడు ఫెరిష్తా వర్ణన చదివితే నాకు ఇంకొకటి కనిపిస్తుంది. వయోవృద్ధుడైన రామరాయలు పల్లకీలో రణరంగానికి వచ్చాడు. సైనికులకు ఉత్సాహం కలగడానికి బంగారం, రత్నాలు పక్కన పోయించుకుని పంచడానికి కూర్చున్నాడు. అటువైపు ఫిరంగుల్లో రాగి నాణేల సంచులు కూరి దగ్గర నుంచి పేల్చారు. ఆ కల్లోలంలో ఒక ఏనుగు మీదికి రాగా బోయీలు పల్లకీని వదిలి పారిపోయారు. పట్టుబడిన రామరాయల తల నరికించి అహ్మద్‌నగర్ సుల్తాను హుసేన్ నిజాం షా దాన్ని ఈటె మీద ఎత్తి చూపించగానే విజయనగర సేన చెల్లాచెదురైంది. ఆయన తమ్ముడు తిరుమల అప్పటికి బతికే ఉన్నాడు. రాజధానికి చేరి, పేరుకు రాజైన సదాశివరాయలనూ ఖజానానూ వెంటబెట్టుకుని పెనుగొండకు వెళ్లగలిగాడు కూడా. అంతటి సమర్థుడు ఉన్నప్పటికీ, అన్న పడిపోయిన క్షణాన ‘ఇకపై ఆజ్ఞ నాది’ అని సేనను నిలబెట్టిన గొంతు ఆ మైదానంలో ఒక్కటీ లేకపోయింది. ద్రోహులు ఇద్దరే కావచ్చు. పరుగెత్తినవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లు ఎందుకు పరుగెత్తారో ద్రోహం కథ చెప్పదు.

ఒక్కడు పడిపోతే సేనంతా చెదిరిపోవడం మన ఒక్కరి జబ్బూ కాదు. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1556లో, రెండవ పానిపట్టు యుద్ధంలో అక్బరు సేనపై గెలుపు దాదాపు చేతికొచ్చిన హేము కంటికి బాణం తగిలి అంబారీలో ఒరిగిపోయాడు, సేన విరిగిపోయింది. 1658లో సామూగఢ్ వద్ద తమ్ముడు ఔరంగజేబుతో పోరిన మొగలు యువరాజు దారా షికోకు బాణమూ తగలలేదు. ఏనుగు దిగి గుర్రమెక్కాడు, అంతే. ఖాళీ అంబారీని చూసిన సైనికులు ప్రభువు చనిపోయాడనుకుని వెనుదిరిగారు. ఎత్తున కనబడటం కోసం ఎక్కిన ఏనుగే కొంప ముంచిందన్నమాట!

మనం గర్వంగా చెప్పుకునే గెలుపులోనూ ఇదే బలహీనత దాగి ఉందని నా అభిప్రాయం. 1520లో రాయచూరు వద్ద బీజాపూరు ఫిరంగుల ధాటికి మొదటి వరుస చెదిరిపోయినప్పుడు కృష్ణదేవరాయలు తన ఉంగరాన్ని సేవకుడికిచ్చి, తాను మరణిస్తే రాణులకు గుర్తుగా చూపమని చెప్పి, గుర్రమెక్కి రెండవ దళంతో ముందుకు దూకాడని పోర్చుగీసువాడు నూనిజ్ రాశాడు. ఒళ్లు పులకరించే ఘట్టమే. కాని ఆ రోజు రాయలు నేలకొరిగి ఉంటే ఆ ఉంగరంతో పాటు యుద్ధమూ ముగిసేది కాదా? గుంటూరుకు కూతవేటు దూరంలో ఉన్న కొండవీటిని 1515లో పట్టుకోవడంలో రాయలకు కుడిభుజమైన తిమ్మరుసునే, కుమారుడికి విషం పెట్టించాడన్న అనుమానంతో చివరికి చెరలో వేయించి కళ్లు తీయించాడని కూడా ఆ నూనిజే రాశాడు. ఇది నిజమైతే, ఒక్కడి మీదే నిలిచిన రాజ్యం తన రెండవ స్తంభాన్ని తానే పడగొట్టుకున్నదని చెప్పాలి.

దీనికి భిన్నమైన ఉదాహరణ సముద్రం మీద దొరుకుతుంది. 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ వద్ద ఇంగ్లండు నౌకాదళాధిపతి నెల్సన్ యుద్ధం మంచి ఊపులో ఉండగా తుపాకి గుండు తగిలి కూలి, సాయంత్రానికి కన్నుమూశాడు. అయినా ఆయన పక్షంలోని 27 యుద్ధనౌకల్లో ఒక్కటీ పోలేదు, శత్రువు 33 నౌకలతో వచ్చి ఓడిపోయాడు. నెల్సన్ కొన్ని వారాల ముందే నౌకాధిపతులను విందుకు పిలిచి తన వ్యూహాన్ని విడమరచి చెప్పాడు. సంకేతాలు కనిపించని పొగలో ఎవరైనా తన నౌకను శత్రునౌక పక్కకు చేర్చితే అది పెద్ద తప్పేమీ కాబోదని రాసి మరీ ఇచ్చాడు. ఆజ్ఞ అందుకోవడానికి రెండవ స్థానంలో కాలింగ్‌వుడ్ ఉన్నాడు. పదేళ్ల తర్వాత వాటర్లూలో నెపోలియన్ సేనాని గ్రూషీ, దూరాన ఫిరంగుల మోత వినబడుతున్నా, అటు వెళ్దామని కింది సేనాని జెరార్ బతిమాలుతున్నా, చేతిలోని పాత ఆజ్ఞ ప్రకారమే ప్రష్యన్లను వెంటాడుతూ నడిచాడు. నెపోలియన్ అంతటి సేనానీ తన కిందివాళ్లకు ఆజ్ఞను పాటించడం నేర్పినంతగా ఆలోచించడం నేర్పలేదు.

మన కాలానికి వస్తే, 1962 అక్టోబరులో నేఫా (నేటి అరుణాచల్ ప్రదేశ్)లోని మన సైన్యపు నాలుగో కోర్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ కౌల్ జబ్బుపడి ఢిల్లీకి చేరి, అక్కడి తన ఇంటి మంచం మీద నుంచే కోర్‌ను నడపడానికి ప్రయత్నించాడు. అదే సమయంలో, అక్టోబరు 20న, చైనా దాడి మొదలైంది. నామ్కా చూ నది ఒడ్డున ఉన్న మన బ్రిగేడు తుడిచిపెట్టుకుపోయింది. తొమ్మిదేళ్ల తర్వాత బంగ్లాదేశ్ యుద్ధంలో అదే నాలుగో కోర్‌కు అధిపతి అయిన సగత్ సింగ్, ఆశూగంజ్ వద్ద మేఘనా నది వంతెనను శత్రువు కూల్చివేస్తే, అక్కడికక్కడే నిర్ణయించి హెలికాప్టర్లలో సైనికులను అవతలి ఒడ్డుకు దించాడు. ఆ తర్వాత వారం తిరిగేసరికి, డిసెంబరు 16న, ఢాకాలో లొంగుబాటు జరిగింది. 1962లో అధిపతి లేకపోయినా ఆజ్ఞ ఆయనదే. 1971లో ఆజ్ఞ నది ఒడ్డున నిలబడ్డవాడిది.

ఏటా కారెంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవాలు జరిగినప్పుడు బాలచంద్రుడి సాహసం గురించి ఎన్నో ఉపన్యాసాలు వింటాం. బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ ఒక చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన సంగతిని మాత్రం సంఘసంస్కరణ కింద జమకట్టి వదిలేస్తాం. మాలవాడైన కన్నమదాసును సేనానిగా నిలిపిన మనిషికి, ఆజ్ఞ ఎవరి చేతిలో ఉంచవచ్చునన్న విషయంలో ఒక స్పష్టమైన ఆలోచన ఉండి ఉంటుందని నాకు అనిపిస్తుంది. వీరగాథను ఆ కోణంలో చదివినవారు తక్కువ.

కనుక రాక్షసి తంగడి వ్యాసానికి కొనసాగింపుగా, రామరాయలు పడిపోయిన తర్వాత ఆనాటి సాయంత్రం దాకా ఏ దళవాయి ఎక్కడ ఉన్నాడు, ఎవరు ఎవరి మాట విన్నారు అన్నది లభించిన ఆధారాల మేరకు చరిత్రకారుల చేత రాయించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు