కొత్త సర్జన్‌కి ఒక గురువును చూపించండి: ఒడిశా ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

కార్యదర్శి గారికి నమస్కారం.

నాది పర్లాకిమిడి, ఈ సరిహద్దు జిల్లాల్లోనే సర్జన్‌గా చేస్తున్నాను. మొదటి పోస్టింగ్‌లో రాత్రి రెండింటికి పేగుకు చిల్లుపడిన మనిషిని తెచ్చారు, సలహా అడుగుదామంటే మా సీనియర్ ఫోన్ ఎత్తలేదు, చివరికి అంబులెన్స్‌లో బరంపురం పంపాను. ఆయన బతికాడు. ఆ రాత్రి టెన్షన్ మాత్రం నన్నింకా వదల్లేదు.

తర్వాత ఇంకో సీనియర్ దొరికారు. హెర్నియా ఆపరేషన్‌లో కత్తెర నా చేతికే ఇచ్చి, తను కోతను తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకుని ఎదురుగా నిలబడ్డారు. నేను తొందరపడి కత్తిరించబోతుంటే పటకారులాంటి ఫోర్సెప్స్ కొసతో తెల్లటి దారంలాంటి నరాన్ని చూపించి, "ముందు దీన్ని పక్కకి తప్పించు బాబూ" అన్నారు, అంతే. అది తెగితే తొడ పైభాగం మొద్దుబారిపోవచ్చు. పుస్తకంలో నాలుగుసార్లు చదివిందే, కానీ చేతికి వచ్చింది మాత్రం ఆ రోజే.

పీజీ చదువులో 3 నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్న నిబంధన ఉంది, మంచిదే. కానీ అక్కడ నేర్పేదెవరు? బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో, కొరాపుట్ మెడికల్ కాలేజీలో ఉన్న సీనియర్లలో ఒకరిని ప్రతి కొత్త సర్జన్‌కీ పేరు పెట్టి అప్పగించండి. రాత్రి ఫోన్ ఎత్తడం వాళ్ల డ్యూటీలో రాయించండి, నేర్పినందుకు ప్రమోషన్‌లో విలువ ఇవ్వండి. గుణుపురం నుంచో రాయగడ నుంచో పేషెంట్‌ని అర్ధరాత్రి బండెక్కించే ముందు మా కుర్ర డాక్టర్లకు అడగడానికి ఒక మనిషి ఉండాలి.