ఆ తుమ్ములు అంటుకునేవి కావు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన సోమవారం పొద్దున ప్రార్థనలో ఏడో తరగతి వరుసలో మొదలైన తుమ్ములు ప్రతిజ్ఞ పూర్తయ్యేసరికి మూడు తరగతులకు పాకిన మాట నిజం. మధ్యాహ్నానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో "స్కూల్లో ఏదో వైరస్ వచ్చిందట" అని మెసేజీలు. మంగళవారం ఆ మూడు క్లాసుల్లో బెంచీలు ఖాళీ. ఫార్వర్డ్ చేసే ముందు ఒక్కసారి ఆఫీసుకు ఫోన్ చేసి ఉంటే ఇంత టెన్షన్ ఉండేది కాదు.

జరిగింది ఇదీ. మా ప్రహరీ పక్కన ఖాళీ ప్లాటులో నిండా పూత మీదున్న వయ్యారిభామ (పార్థీనియం) కలుపు మొక్కలను ఆ పొద్దున మిషన్‌తో కొట్టించారు. గాలి మావైపే వీచింది. తుమ్మిన ప్రతి బిడ్డకూ నేనే థర్మామీటర్ పెట్టి చూశాను, ఒక్కరికీ జ్వరం లేదు. ముక్కు వెంట నీళ్లు, కళ్లు ఎరుపు, అంగిట్లో దురద. ఇది పుప్పొడి అలర్జీ. ఇంగ్లీషులో హే ఫీవర్ (ఎండుగడ్డి జ్వరం) అంటారు గానీ అందులో జ్వరం ఉండదు, ఎండుగడ్డే కారణం కానక్కర్లేదు. ముక్కులోకి వెళ్లిన పుప్పొడిని ఒంట్లోని రక్షణ వ్యవస్థ శత్రువని పొరబడి హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. తుమ్ములు, దురద, నీళ్లు దానివల్లే. ఒకరి నుంచి ఒకరికి అంటదు. మామూలు సర్ది వారం పది రోజుల్లో తగ్గుతుంది. ఇది పుప్పొడి ఉన్నన్నాళ్లూ వారాల తరబడి సతాయిస్తుంది.

ఇక్కడ మా ఎనిమిదో తరగతి అమ్మాయిల గురించి చెప్పకుండా ఉండలేను. మాంచెస్టర్‌కు చెందిన చార్లెస్ బ్లాక్‌లీ అనే డాక్టరు తనకే ఈ జబ్బు ఉంటే తన మీదే ప్రయోగాలు చేసుకుని, కారణం పుప్పొడేనని 1873లో పుస్తకం రాశాడు. పైగాలిలో పుప్పొడి ఉందో లేదో చూడడానికి జిగురు పూసిన గాజు పలకలను పతంగులకు కట్టి ఎగరేశాడు. సైన్స్ టీచర్ ఈ కథ చెప్పిన మరునాడే నలుగురు అమ్మాయిలు స్లైడ్లకు వాజిలిన్ రాసి డాబా మీద పెట్టారు. సాయంత్రం మైక్రోస్కోపులో చూస్తే గుండ్రటి, ముళ్లముళ్ల పుప్పొడి రేణువులు! వయ్యారిభామ పువ్వును దులిపి పక్కన పెట్టి పోల్చుకున్నారు కూడా. ఎవరూ చెప్పలేదు, వాళ్లకే తట్టింది.

ఇక ఆ మొక్క. వయ్యారిభామ అని ఎంత ముద్దుగా పేరు పెట్టుకున్నాం! అమెరికా ఖండం నుంచి వచ్చి 1950ల్లో పుణే దగ్గర కంటబడిన కలుపు ఇవాళ హంటర్ రోడ్డు నుంచి కాజీపేట దాకా ఖాళీ జాగా ఎక్కడుంటే అక్కడుంది. మొన్న బతుకమ్మకు తంగేడు పూల కోసం పిల్లలతో ఊరి బయటికి వెళ్తే తంగేడు కన్నా ఇదే ఎక్కువ కనిపించింది, కడుపు తరుక్కుపోయింది. ఒక్క మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. పూత మీద కొడితే పుప్పొడి లేస్తుంది, పైకి కోసి వదిలేస్తే మళ్లీ చిగురిస్తుంది. పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, వేరుతో సహా పీకాలి. గ్లౌజులు, మాస్కు తప్పనిసరి, రసం తగిలినా చర్మానికి దద్దుర్లు వస్తాయి. మీ వాడలో ప్లాటు ఉన్నవాళ్లను దయచేసి అడగండి. అడగడానికి మొహమాటమైతే నన్ను పిలవండి, నేనే వచ్చి మాట్లాడతాను.

వరికోతల దుమ్ము, ఏనుమాముల మార్కెట్ వైపు నుంచి వచ్చే పిల్లలకు పత్తి నూగు, మిర్చి ఘాటు కూడా ఈ ముక్కులను రేపుతాయి. వాటిని మనం ఆపలేం. ఇంట్లోవి ఆపగలం. రాత్రంతా తలుపులు మూసి దోమల కాయిల్ వెలిగించడం, పిల్లలు పక్కనుండగానే పొడి చీపురుతో ఊడ్వడం, వాకిట్లో చెత్త కాల్చడం. ఎన్ని మీటింగుల్లో చెప్పానో మీకూ గుర్తుండే ఉంటుంది. దోమతెర కట్టండి, తడిబట్టతో తుడవండి, దిండు గలీబులు వారానికోసారి వేడినీళ్లలో ఉతకండి. బడి నుంచి రాగానే ముఖం కడిగించి బట్టలు మార్పించండి.

మెడికల్ షాపులో అడిగి పొద్దున్నే సర్ది గోలీ వేసి పంపుతున్నారు. వాటిలో కొన్ని బాగా మత్తునిస్తాయి. మొదటి పీరియడ్‌లో బిడ్డ తల వాల్చేస్తే టీచర్ ఏం చేయాలి? మత్తు తక్కువ గోలీలు, రోజూ కొట్టే ముక్కు స్ప్రేలు ఉన్నాయి, డాక్టరు చూసి రాస్తారు. ముక్కుదిబ్బడకు వేసే చుక్కల మందు మాత్రం రోజుల తరబడి వాడితే దిబ్బడ ఇంకా ముదురుతుంది. ముక్కు కడగడానికి ఉప్పునీళ్లు మంచివే, కాచి చల్లార్చిన నీళ్లతోనే కలపండి. ఎప్పుడూ అరచేత్తో ముక్కును పైకి రుద్దుకునే పిల్లల్ని "పాడు అలవాటు" అని కొట్టకండి, అది దురద. రాత్రి దగ్గు, ఛాతీలో పిల్లికూతలు ఉంటే మాత్రం ఆలస్యం చేయవద్దు, డాక్టరుకు చూపించండి. ముక్కు బాధలకైతే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఈఎన్‌టీ (చెవి, ముక్కు, గొంతు) విభాగం ఉంది.

రెండో టర్మ్ ఫీజు, బస్సు వేళల మార్పు డైరీలో రాసి పంపాం. బాలల దినోత్సవానికి యూనిఫాం అక్కర్లేదు.

రెండో శనివారం పేరెంట్స్ మీటింగ్. ఆ స్లైడ్లు ల్యాబ్‌లో మైక్రోస్కోపు కింద పెట్టే ఉంచుతాం, అమ్మాయిలే చూపిస్తారు. మంగళవారం బిడ్డను ఇంట్లో ఆపుకున్నవాళ్లు తప్పకుండా రండి.

ప్రధానోపాధ్యాయురాలు
హనుమకొండ