బీరువాలో ఉన్న చెయ్యి గురించి మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

నేను హనుమకొండ నుంచి రోజూ బస్సెక్కి, ఉత్తర తెలంగాణలోని ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీలో జనరల్ మెడిసిన్ చెప్పి వస్తుంటాను. అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడింటినీ పద్ధతి ప్రకారం పై అధికారుల ద్వారానే పంపాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి ‘అందుబాటులో ఉన్న వనరులతో సర్దుకోగలరు’ అని ఒక్క వాక్యం వచ్చింది. మూడోదాన్ని ఇండెంట్ ఫారం, అంటే ఫలానా సామాను కావాలని అడిగే కాగితం, జత చేయలేదని తిప్పి పంపారు. ఫారం జత చేసి మళ్లీ పంపాను, ఇక చప్పుడు లేదు. అందుకే ఈసారి నలుగురికీ కనపడేలా రాస్తున్నాను. తప్పయితే మన్నించండి.

విషయం ఒక చెయ్యి గురించి. రబ్బరు చెయ్యి. మా స్కిల్స్ ల్యాబ్‌లో ఉంటుంది, అంటే ఉండాలి. మోచేతి మడత దగ్గరా, అరచేతి వెనకా నరాలు తేలి కనిపిస్తాయి. లోపల సన్నటి ట్యూబులు. వాటిలో ఎర్రరంగు నీళ్లు నింపి, సూది సరిగ్గా నరంలోకి దించితే క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నటి గొట్టం) వెనక భాగంలోకి ఎర్రగా ఒక చుక్క వచ్చి నిలుస్తుంది. ఆ చుక్క కనపడగానే పిల్లల మొహాలు చూడాలి సార్. పరీక్షలో ఫస్ట్ వచ్చినా అంత సంబరపడరు.

ఆ చెయ్యిని కొన్న కొత్తలో పది రోజులు వాడాం. తర్వాత చర్మం చిల్లులు పడి నీళ్లు కారడం మొదలైంది. ఇందులో వింతేమీ లేదు. వందమంది పొడిస్తే ఏ చర్మమైనా చిల్లులు పడుతుంది. పై చర్మం, లోపలి ట్యూబులు అరిగాక మార్చుకునేవే, విడిగా దొరుకుతాయి. నా రెండో ఉత్తరం వాటి కోసమే. అప్పటినుంచీ చెయ్యి బీరువాలో ఉంది. బీరువా తాళం స్టోర్ ఇన్‌చార్జి దగ్గర ఉంది. ఆ ఇన్‌చార్జి వేరే ఊరికి డిప్యుటేషన్ మీద వెళ్లారు. తనిఖీ రోజు మాత్రం తాళం ఎక్కడినుంచో వస్తుంది. ఆ రోజు బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, చెయ్యి తుడిచి, పౌడర్ అద్ది పెడతాం. కారుతుందని నీళ్లు మాత్రం పోయం. తనిఖీకి వచ్చినవాళ్లు ఇంతవరకూ సూది గుచ్చి చూడలేదు, అది మా అదృష్టం.

సీబీఎంఈ గురించి, అంటే ఎంబీబీఎస్ పిల్లలకు పని చేయడం వచ్చేలా నేర్పాలనే సిలబస్ గురించి, మీకు చెప్పనక్కర్లేదు. 2019 బ్యాచ్ నుంచి నడుస్తున్నదే. ఏ అంశం ఏ పద్ధతిలో చెప్పాలో, ఎలా పరీక్షించాలో పక్కనే గడులు గీసి మరీ ఇచ్చారు. లెక్చర్లు మొత్తం సమయంలో మూడో వంతు దాటకూడదని ఆ ఏటి నిబంధనల్లోనే ఉంది. సెలైన్ పెట్టడం, చుక్కల లెక్క కట్టడం ‘విద్యార్థి స్వతంత్రంగా చేయాలి’ అనే జాబితాలో ఉన్నాయి. రాసినవాళ్లకు దండం పెడతాను, నిజంగా బాగా రాశారు. మమ్మల్ని మూడు రోజుల వర్క్‌షాపుకు కూడా పంపారు. పాఠం లక్ష్యం రాసేటప్పుడు ‘అర్థం చేసుకుంటాడు’ అని రాస్తే ఒప్పుకోరక్కడ. అర్థమైందో లేదో ఎలా కొలుస్తావు అంటారు. ‘వివరిస్తాడు’, ‘లెక్కిస్తాడు’, ‘చేసి చూపుతాడు’ అని రాయాలి. 1990లో మిల్లర్ గీసిన పిరమిడ్‌ను చార్టు మీద మాతోనే గీయించారు. కింద మెట్టు తెలుసు, ఆ పైన ఎలాగో తెలుసు, ఆ పైన చేసి చూపగలడు, అన్నిటికన్నా పైన చేస్తాడు. ఏ మెట్టు ఎక్కించాలనుకుంటే దానికి తగ్గ పద్ధతి ఎంచుకోవాలి. మా గ్రూపు చార్టుకు చప్పట్లు కూడా కొట్టారు. సోమవారం కాలేజీకి తిరిగొచ్చి చూస్తే 150 మంది, ఒక హాలు, ఒక మైకు, ఒక నేను.

ఇప్పుడు సెలైన్ పెట్టడమనే ఒక్క పని తీసుకోండి. చూడటానికి ఒకటే పని, నేర్పడానికి మూడు. మొదటిది లెక్క. లీటరు సెలైన్ 8 గంటల్లో పోవాలి, సెట్టులో 20 చుక్కలకు ఒక మిల్లీలీటరు, అంటే 20 వేల చుక్కలు 480 నిమిషాల్లో, నిమిషానికి 42 చుక్కలకు కొంచెం అటూ ఇటూగా. దీనికి నల్లబల్ల, సుద్దముక్క చాలు. నాలుగు లెక్కలిచ్చి పక్కవాడితో చర్చించి చేయమంటే 150 మందికైనా గంటలో వచ్చేస్తుంది. వాంతులు, విరేచనాలు అయినప్పుడు ఒంట్లోంచి ఏం పోతుంది, ఏ సెలైన్ ఎందుకు ఎంచుకోవాలి అన్నదీ అంతే. లెక్చర్ చెడ్డదని నేనెప్పుడూ అనలేదు. మంచి లెక్చర్ చెప్పే గురువుల దగ్గరే నేనూ చదువుకున్నాను.

రెండోది చెయ్యి. ఏ కోణంలో సూది దించాలో, నరం గోడ తెగినప్పుడు వేలికి తెలిసే ఆ చిన్న ‘టప్’ ఎలా ఉంటుందో ఏ స్లైడూ చెప్పలేదు. నేను చేసి చూపాలి, వాళ్లు చూడాలి, నాకు సాయం చేయాలి, ఆ తర్వాత నేను పక్కన నిలబడి ఉండగా వాళ్లే చేయాలి. డీఓఏపీ అని మీ కాగితాల్లో ఉన్నది ఇదే. మనిషికి నాలుగు నిమిషాలనుకోండి. 150 మందికి 600 నిమిషాలు, పది గంటలు. అదీ ఒక్కొక్కరు ఒక్కసారి పొడిస్తేనే. ఒక్కసారికే ఎవరికీ రాదు, నాకూ రాలేదు. ఆరు బ్యాచులు చేసి ఆరుగురు టీచర్లను పెడితే గంటా నలభై నిమిషాల్లో ఒక చుట్టు అయిపోతుంది. ఆరు చేతులూ కావాలి. మా డిపార్ట్‌మెంట్‌లో కాగితం మీద ఉండే టీచర్ల సంఖ్య వేరు, పొద్దున తొమ్మిదింటికి వార్డులో కనిపించే సంఖ్య వేరు. టైంటేబుల్‌లో నాకిచ్చింది ఒక గంట. ఆ గంటలో నేనేం చేశానో చెప్పమంటారా? సెలైన్ ఎలా పెట్టాలో 34 స్లైడ్ల పీపీటీ వేశాను. యూట్యూబ్ వీడియో కూడా వేశాను, మధ్యలో కరెంటు పోయింది.

మూడోది మాట. దీన్ని ఎవరూ లెక్కలోకే తీసుకోరు. సూది పట్టుకుని మంచం దగ్గరికి వెళ్లినప్పుడు అవతలి మనిషితో ఏం మాట్లాడాలి? ఆలిండియా కోటా 15 శాతంలో వచ్చిన పిల్లలకు తెలుగే రాదు. చేరిన కొత్తలో ఉండే ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష నేర్పాలని ఉంది, నేర్పుతున్నాం, ‘నొప్పి’, ‘జ్వరం’, ‘దగ్గు’ అని స్లైడు వేసి. వార్డులో అవ్వ ‘పెయ్యంత గుంజుతాంది బిడ్డా, పానం ఆగుతలేదు’ అంటుంది. హైదరాబాద్‌లో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో రెండేళ్లుండి వచ్చిన మన తెలుగు పిల్లలే నా మొహం చూస్తారు. ఒకరు రోగిగా, ఒకరు డాక్టరుగా నటించి చూపే రోల్‌ప్లే పెట్టమని, డాక్టరు నడవడిక, నీతి, మాటతీరు నేర్పే మీ ఏట్‌కామ్ పుస్తకంలో ఉంది. 150 మందితో రోల్‌ప్లే పెడితే ఇద్దరు నటిస్తారు, 148 మంది ఫోన్లో వీడియో తీస్తారు.

ఇక అసలు చెప్పాల్సింది. పోయిన వానాకాలం ఒక రాత్రి డ్యూటీలో ఉన్నాను. వాంతులు, విరేచనాలతో ఒక అవ్వను ఆటోలో తెచ్చారు. బీపీ పడిపోయింది, నరాలు అణిగిపోయి ఉన్నాయి. నేను పక్క వార్డులో ఇంకో పేషెంటు దగ్గర ఇరుక్కుపోయాను. హౌస్ సర్జన్ కుర్రాడు సెలైన్ పెట్టబోయాడు. నేను వచ్చేసరికి అవ్వ రెండు చేతుల మీదా నాలుగు దూది ముక్కలు అంటించి ఉన్నాయి. చేతివెనక ఒకచోట నీలంగా ఉబ్బింది. కొడుకు ‘ఇంకెన్ని పోట్లు పొడుస్తరు సారూ’ అంటున్నాడు, కోపంగా కూడా కాదు, బతిమాలుతున్నట్టు. అవ్వ మాత్రం ఆ పిల్లాడినే చూసి ‘ఏం గాదు బిడ్డా, మెల్లగ చెయ్’ అంది. వాడి చెయ్యి వణుకుతోంది. సిస్టర్ వచ్చి టార్నికేట్, అదే నరాలు తేలడానికి చేతికి కట్టే పట్టీ, కొంచెం పైకి జరిపి కట్టి, మోచేతి పక్కన వేలితో రెండుసార్లు తట్టి, మొదటిసారికే పెట్టేసింది. ఆమెకు ఎవరూ పీపీటీ వేసి ఉండరు.

అవ్వ తేరుకుంది, మూడో రోజు ఇంటికి పోయింది. నాకే నిద్ర పట్టలేదు. మర్నాడు ఆ కుర్రాడి పాత లాగ్‌బుక్, అంటే ఏ పని వచ్చిందో టీచరు సంతకంతో నమోదు చేసే పుస్తకం, తెప్పించి చూశాను. సెలైన్ పెట్టడం అన్న గడిలో ‘స్వతంత్రంగా చేయగలడు’ అని ఉంది. కింద సంతకం నాది. ఎప్పుడు పెట్టానో గుర్తుంది. యూనివర్సిటీ పరీక్షలకు వారం ముందు 150 లాగ్‌బుక్కులు నా టేబుల్ మీద గోడ కట్టినట్టు పేర్చారు. లాగ్‌బుక్ పూర్తికాకపోతే పిల్లాడు పరీక్షకు కూర్చోలేడు. సంతకం పెట్టకుండా ఆపితే వాడి ఏడాది పోతుంది, నేర్పని తప్పు నాది అయితే శిక్ష వాడికి. రెండు సాయంత్రాలు కూర్చుని అన్నిటికీ పెట్టేశాను. ఈ మాట ఇంత బాహాటంగా రాయడం నా ఉద్యోగానికి మంచిది కాదని తెలుసు.

పరీక్షలో పట్టుబడతారు కదా అని మీ పక్కనున్నవాళ్లు అనవచ్చు. మా ఇంటర్నల్‌లో ‘సెలైన్ పెట్టే విధానం వివరించుము, 5 మార్కులు’ అని అడుగుతాం. ఆ కుర్రాడికి అందులో నాలుగున్నర వచ్చాయి. ముత్యాల్లాంటి అక్షరాలు. టేబుళ్లు వేసి ఒక్కో టేబుల్ దగ్గర ఒక్కో పని చేయించి మార్కులేసే ఓఎస్‌సీఈ పద్ధతి 1975 నుంచీ లోకంలో ఉంది. దానికీ మనుషులు కావాలి, ఆ చెయ్యీ కావాలి. రాయమని అడిగినంతకాలం వాళ్లు రాయడమే నేర్చుకుంటారు.

హాజరు విషయంలో మాత్రం లోటు లేదు సార్. ఫోనుకు ముఖం చూపిస్తే నేను కాలేజీలో ఉన్నానని ఢిల్లీ దాకా తెలిసిపోతోంది. ఉండి ఏం చేస్తున్నానో అడిగే యాప్ ఇంకా రాలేదు.

జిల్లాకో మెడికల్ కాలేజీ వచ్చింది, సంతోషం. నేను చదువుకునే రోజుల్లో ఈ చుట్టుపక్కల పిల్లలకు ప్రభుత్వ కాలేజీ అంటే 1959లో పెట్టిన మా కాకతీయ ఒక్కటే. సీటు రాక ఆగిపోయిన స్నేహితులు నాకున్నారు. కాలేజీలు వద్దని అనే పాపం నాకొద్దు. బోర్డు పెట్టాక లోపల పాఠం ఎలా నడుస్తోందో కూడా ఒకసారి చూడమంటున్నాను. ముందు చెప్పకుండా రండి. చెప్పి వస్తే బీరువా తెరిచే ఉంటుంది.

ఏం కావాలో మూడు ఉత్తరాల్లోనూ రాశాను. ట్యూటర్లు కావాలి, ఉన్నవాళ్లను డిప్యుటేషన్ల మీద తిప్పడం ఆపాలి, టైంటేబుల్‌లో స్కిల్స్ ల్యాబ్‌కు ఒక గంట కాకుండా పూటకు పూట ఇవ్వాలి, చెయ్యికి చర్మం కావాలి. ఇవన్నీ ఒకేసారి కాదంటే ట్యూటర్లు తర్వాత ఇవ్వండి. టైంటేబుల్ మేమే ఏదో తంటాలు పడతాం. చర్మం ఇప్పించండి. కనీసం తాళమైనా ఇప్పించండి. పాత చర్మానికి ప్లాస్టర్ వేసుకుని, అదే చెయ్యి మీద, సాయంత్రం ఓపీ అయ్యాక పదిమందిని పట్టుకుని కూర్చుంటాను. బస్సు పోతే తర్వాతి బస్సుకు వెళ్తాను.

కొత్త బ్యాచ్‌కు వార్డు పోస్టింగు వచ్చే నెల ఒకటో తేదీన మొదలవుతుంది. ఈసారి లాగ్‌బుక్కుల్లో నేను చూడని పనికి సంతకం పెట్టనని మా హెచ్‌ఓడీ మేడమ్‌కు చెప్పాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘మరి పిల్లల పరీక్షలు?’ అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటుందని రాస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
జనరల్ మెడిసిన్ అసిస్టెంట్ ప్రొఫెసర్,
ఉత్తర తెలంగాణలోని ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీ

తా.క.: ఇండెంట్ ఫారం ఈసారి మూడు కాపీలు జత చేశాను.